పిలిచి ఇచ్చే ఫోను

కొత్తకోటలో హైదరాబాదు బస్సులు ఆగే చోటికి ఎదురుగా, పసుపు బోర్డు కింద లాడ్లీ బేగం ఎస్టీడీ బూత్ ఉండేది. లారీ నడిపే భర్త పోయాక, పోలియో కాలుతో ఆమె నిలబెట్టుకున్న బతుకు అది. 1996 నాటికి ఆ వాడలో ఇంకే ఇంట్లోనూ ఫోను లేదు. అందరూ ఆమె నంబరునే తమ నంబరుగా చెప్పుకునేవాళ్లు. ఫోను వస్తే ఆమె రిసీవరును బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, వాకిట్లోకి వచ్చి పేరు పెట్టి పిలిచేది. కాన్పులూ చావులూ దుబాయి కబుర్లూ ఆమె గొంతు మీదుగానే ఇళ్లలోకి వెళ్లేవి. ఎవరి మాటా వినకూడదన్నది ఆమె కట్టుబాటు. ఎవరైనా మాట్లాడుతుంటే ముఖం రోడ్డువైపు తిప్పుకునేది.

ఆ చలికాలం అండాలుకు ఫోన్లు మొదలయ్యాయి. అండాలు పల్లీల మిల్లులో పనిచేసే భద్రమ్మ కూతురు, ఎనిమిదో తరగతి. ఒక వారపత్రిక కలం స్నేహం పేజీలో, ఇంట్లో చెప్పకుండా, తన ఫోటో, బూత్ నంబరు వేయించుకుంది. ఫోను చేసేవాడు తన పేరు కిరణ్ అనీ, ఇంటర్ చదువుతున్నాననీ చెప్పాడు. అండాలును జర పిలుస్తరా ఖాలా అని అడిగే ఆ మెత్తని గొంతు లాడ్లీకి నచ్చింది. పిల్లలు లేని ఆమెకు, పరుగున వచ్చే ఆ పిల్ల ముఖంలోని వెలుగు ఇంకా నచ్చింది. "నీ దోస్తు పిలుస్తున్నడే, జల్ది రా" అని నవ్వుతూ తానే కేకేసేది. ఆ పిల్లను తన గొంతే ఎటు నడిపిస్తోందో ఆమెకు తట్టలేదు.

ఒక సాయంత్రం అలాగే పిలిచి వచ్చి రిసీవరు సర్దబోతే, అందులోంచి మాటలు. అవతలివాడు పక్కన ఎవరితోనో చెబుతున్నాడు.

"శుక్రవారం పాలమూరు బస్టాండుల దిగుతది. పదమూడేండ్లది. ఇంట్ల ఎవలకు తెల్వదు. రూము చూసిపెట్టు."

మెత్తదనం లేదు. నలభై దాటిన గొంతు. వెనకనుంచి ఒక చిన్నపిల్ల డాడీ అని పిలిస్తే కసిరి లోపలికి పంపాడు.

లాడ్లీ రిసీవరు మాట్లాడే వైపును అరచేత్తో మూసింది. తాను చెబితే అండాలు నమ్మదు. రొప్పుతూ లోపలికి వచ్చిన పిల్లకు పెదవుల మీద వేలు పెట్టి చూపి, రిసీవరును చెవికి ఆనించింది.

"మాట్లాడకు బిడ్డా. ఉత్తగ విను."

అతడు ఇంకా చెబుతూనే ఉన్నాడు, నవ్వుతూ. ఊరంతా ఒక్కసారి కరెంటు పోయినట్టు పిల్ల ముఖం ఆరిపోయింది. లాడ్లీ ఫోను పెట్టేసింది.

"నాయినకు చెప్పకు పెద్దమ్మా. బడి మాన్పిస్తడు."

"నీ తప్పు లేదు. పిలిచి ఇచ్చినదాన్ని నేను. కాని అమ్మకు చెప్పాలె."

భద్రమ్మ మిల్లునుంచి జుట్టునిండా పల్లీ పొట్టుతో వచ్చింది. బిడ్డను బడి మాన్పించనని మాట తీసుకున్నాకే లాడ్లీ సంగతి చెప్పింది. భద్రమ్మ కూతురి తలను ఒడిలోకి లాక్కుంది.

మర్నాడు లాడ్లీ, భద్రమ్మ ఠాణాకు పోయారు. పేపర్ల ఫోటో వేసుకుంటే గిట్లనే అయితదని జమేదారు పిల్లనే తప్పుపట్టాడు.

"అయ్యా, పిల్ల ఫోటో ఏసుకున్నది దోస్తు కోసం. వాడు రూము చూసుకున్నడు. ఎవలను పట్టాల్నో మీరే చెప్పున్రి," అంది లాడ్లీ.

ఆయన కాగితం అందుకుని ఫిర్యాదు రాసుకున్నాడు. వాణ్ణి బస్టాండుకు రప్పించడానికి పిల్లనే మాట్లాడించమన్నాడు. లాడ్లీ ఒప్పుకోలేదు. గురువారం ఫోను వచ్చినప్పుడు, మొన్న లైను కట్టయిందనీ, అండాలు రేపు వస్తనన్నదనీ తానే చెప్పింది. పెట్టేశాక చేతులు కడుక్కుంది.

శుక్రవారం బస్సు అండాలు లేకుండానే పోయింది. పాలమూరు బస్టాండులో మామూలు బట్టల్లో నిలబడ్డ పోలీసులకు, అండాలు ఫోటో పట్టుకుని బస్సులో వెతుకుతున్న వాడూ, రూము చూసిపెట్టినవాడూ ఇద్దరూ దొరికారు. వాళ్ల సంచిలో పత్రికల్లోంచి కత్తిరించిన ఆడపిల్లల ఫోటోలు ఇంకెన్నో.

వాడలో మాట పాకింది. సోమవారం అండాలు తండ్రి బడిసంచి దాచాడు. భద్రమ్మ వెతికి తెచ్చి కూతురి భుజానికి తగిలించి, తానే వెంట నడిచింది. దారి పొడవునా తలుపుల్లోంచి చూశారు. ఆమె ఎవరివైపూ చూడలేదు. వాళ్ల వెనకే, షట్టరు దించి, లాడ్లీ బేగం కుంటుతూ బడిదాకా నడిచింది. మూసిన బూత్‌లో ఫోను మోగుతూనే ఉంది.