మా ఇంటి బడికి సెలవులు

ధూల్‌పేట్ మీదుగా ఆటోలో వస్తుంటే తడి రంగుల వాసన తగిలి, చిన్ననాటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది.

మా గల్లీలో అందరూ వినాయకులను చేసేవాళ్లే. రంగులు వేసే రోజుల్లో పిల్లలు బడి ఎగ్గొడుతున్నారని హెడ్మాస్టరు సారే మా షెడ్డుకు వచ్చారు.

"దసరా సెలవులు కొన్ని తగ్గించి చవితికి ముందే ఇయ్యండి సార్. పిల్లలు చేతికింద ఉంటరు," అన్నాడు మా బాపు.

"గట్లెట్ల? దసరాకు నా బిడ్డ అమ్మమ్మోళ్ల ఊరికి పోవద్దా?" అని పక్కింటి యాదగిరి మామ లేచాడు.

"నీ బిడ్డ కోసమా, మీ అత్త వండే కోడికూర కోసమా?" అన్నాడు బాపు. లొల్లి ఇంకా పెరిగింది.

నేను కాలు నిలవక గుమ్మానికీ షెడ్డుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఒంట్లో బాగుండదని నన్ను బడికి పంపలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. సారు తేల్చే సెలవులు నాకూ వస్తాయనుకున్నాను. నా మాట ఎవరూ ఎత్తకపోయేసరికి ఉండబట్టలేక అడిగేశాను.

"మా ఇంట్ల బడికి ఎప్పుడిస్తరు సార్?"

అందరూ నవ్వారు. సారు అమ్మ వైపు తిరిగి, "చెప్పమ్మా, మీ బడికి సెలవెప్పుడు?" అన్నారు.

పొద్దుటి నుంచి నిలబడి రంగులు వేస్తున్న అమ్మ కుంచె దించలేదు. "ఈమెకు చదువు చెప్పే గంటనే నాకు సెలవు సార్. అదొక్కటి తియ్యకుండ్రి."

చివరికి గల్లీ పిల్లలకు చవితికి ముందే సెలవులు ఖాయమయ్యాయి. నాకు లేవని ఏడ్చాను. ఆ రోజుల్లో పాఠం చెప్పేటప్పుడు తప్ప అమ్మ కూర్చోగా నేను చూడనే లేదని తోచడానికి చాలా ఏళ్లు పట్టింది. ఉన్న ఆ కాస్త తీరికనూ ఆమె నా పక్కన గడపాలనుకుంది. అందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను.