పాటలో దగ్గు

బస్సులో పాట గట్టిగా పెట్టేవాళ్లంటే నాకూ ఒళ్లు మంటే. కానీ అందుకు ఫోన్ పగలగొట్టిన మనిషిని ఒక్కణ్ణే చూశాను.

టెక్కలిలో బస్సు కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న జీడిపప్పు ఫ్యాక్టరీ కార్మికుడు ఫోన్లో పాట పెట్టాడు. గిటార్ల హోరులో, మా ఉద్దానం యాసలో, గొంతు చించుకుని అరిచే పాట. నాకు రెండో పక్క గిటార్ సంచీ ఒళ్లో పెట్టుకున్న మనిషి ఉలిక్కిపడ్డాడు.

“ఈ పాట నీకెవుడిచ్చాడు?”

“వాట్సాప్‌లో వచ్చినాది. నీకేటి?”

గిటార్ మనిషి ఫోన్ లాక్కుని ముందు సీటు కడ్డీకేసి బాదాడు. కార్మికుడు అతని కాలర్ పట్టుకుని ముక్కు మీద గుద్దాడు. మధ్యలో ఉన్న నా చొక్కా మీద రక్తం చిందింది.

“అది మా బ్యాండు పాటరా! ఒక్కడూ కొన్లేదు, అందరూ ఊరికే పంచేసుకున్నారు. బ్యాండే సచ్చిపోనాది!”

“నీదా? అయితే పాడు,” అన్నాడు కార్మికుడు, కాలర్ వదలకుండా.

నెత్తుటి మూతితోనే పాడాడు. అదే గొంతు. మొదటి చరణం అయ్యాక ఊపిరి కోసం ఆగాడు. ఆ సందులో కార్మికుడు గట్టిగా దగ్గాడు.

“ఎందుకు దగ్గినావు?”

“పాటలో ఉన్నాది గదా మావా. మా ఫ్యాక్టరీలో అందరం ఇలాగే పాడతాం.”

“అది పాట కాదురా. రికార్డింగునాడు నాకు జలుబు సేసింది.”

కాలర్ మీద చెయ్యి సడలింది. పలాసలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా దిగిపోయారు.

మొన్న మూలపేటలో పెళ్లి ఊరేగింపులో అదే పాట మోగింది. ఎవరిదని అడిగితే ఒక్కరికీ తెలియదు. మొదటి చరణం అయ్యాక అందరూ ఒక్కసారిగా దగ్గారు.

నేను దగ్గలేకపోయాను.