రోజుకొక్కటే టేకు

పాటకు గొంతు మేమిస్తే చాలు, తాళం సంగతి బొగ్గుబాయి చూసుకుంటుందని నమ్మిన కాలం ఒకటుండేది మాకు. ఆ రోజుల్లో గోదావరిఖని కాలనీలో మా రాక్ బ్యాండుకు మొత్తం ముగ్గురం. పక్క క్వార్టర్ గిటారక్క (ఆమె పాత గిటారుకు ఆరు తీగలున్నా నాలుగే పలికేవి), నూనె డబ్బాలు బోర్లించి వాయించే ఆమె తమ్ముడు డబ్బా, పాటలు రాసి పాడే నేను. మా నాన్నది (బాపు అనేదాన్ని) ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పని. రోజూ మధ్యాహ్నం మూడుసార్లు సైరన్ మోగేది. మూడోది ఆగగానే బాపు పేల్చేవాడు, కాలనీలో ఇంటింటా గిన్నెలు గలగలమనేవి. ఇంట్లో ఆయన కోపానిదీ అదే పద్ధతి. "ఒక్కసారి జెప్త, రెండుసార్లు జెప్త, మూడుసార్లు జెప్త" అని వరసగా హెచ్చరించి, అప్పటికీ వినకపోతే పేలేవాడు.

నేను రాసిన పాట ఆ కోపం మీదే. మూడు చరణాల్లో మూడు హెచ్చరికలు, చివర పేలుడు. పెద్ద డ్రమ్ము లేదు గనుక నిజం బ్లాస్టింగునే పాటతో పాటు టేప్‌రికార్డర్‌లో పట్టుకుందామని డబ్బా పథకం వేశాడు. పేలేది రోజుకు ఒక్కసారే, కాబట్టి మాకు రోజుకొక్కటే టేకు. మొదటి రోజు పాట ముందే అయిపోయి, ముగ్గురం గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాం. రెండో రోజు రెండో చరణంలోనే పేలింది (డబ్బా బెదిరి తన డబ్బాల మీదే పడ్డాడు). మూడో రోజు వాన. సైరన్ ఎంతకీ మోగదు. చివరికి మోగింది, మేం అందుకున్నాం. మూడో హెచ్చరికకు నేను గొంతెత్తి ఆపగానే ధడేల్‌మని ఇల్లంతా అదిరింది. ముగ్గురం ఎగిరి గంతేశాం.

ఆ అదురుకు మా టేప్‌రికార్డర్ రోజూ తనంతట తానే ఆగిపోయేది. ఆ రోజూ ఆగిందనే అనుకున్నాం. "ఏమే, కరీంనగర్ల పాటల పోటీకి పోతే మీ బాపు ఏం జేస్తడని అడుగుతరు గద, ఏం జెప్తవ్?" అంది గిటారక్క. "బాయిల పనిజేస్తడని ఎవలన్న జెప్తరా అక్కా, ఇజ్జత్ పోతది. ఆఫీసుల క్లర్కు అని జెప్త" అన్నాను. పోటీలో అలాగే చెప్పాను కూడా. బాపుకు ఇవేవీ తెలియవు. బిడ్డ లెక్కల ట్యూషన్‌కు పోతోందనుకునేవాడు. తర్వాత ఏడు పాటలతో ఒక క్యాసెట్ తెచ్చాం. బాపు చెవిన పడుతుందన్న భయంతో దాంట్లో ఆ పాట పెట్టలేదు. మొహమాటానికి చుట్టాలు విన్నారు, బ్యాండు విడిపోయింది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో టీచర్ని. మొన్న ఆదివారం డబ్బా ఫోన్ చేశాడు. "అక్కా, మన క్యాసెట్‌ను డీలక్స్ ఎడిషన్ చేసి నెట్ల పెట్టిన. పెద్ద పెద్ద బ్యాండ్లు గట్లనే జేస్తున్నయి. డెమోలు, బయటికి రాని పాటలు, అన్ని ఏసిన." ఎంత మురిసిపోయానో! "బ్లాస్టింగ్ పాటల నీ మాటలు గూడ ఉంచిన. మెషిను ఆగలే అక్కా, నువ్వు క్లర్కు అన్నది సాఫ్‌గ ఇనస్తుంది. జనానికి గసోంటియే పసంద్" అన్నాడు. "తీసెయ్ రా!" అని అరిచాను. "తీస్త గని, కాకకు పొద్దుగాలనే పంపిన" అన్నాడు చల్లగా. వాడు కాక అనేది మా బాపునే.

దొరికిన గోదావరిఖని బస్సెక్కాను (అదీ డీలక్సే). దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను. బాపు ఎత్తడు. అవ్వకు (మా అమ్మే) చేస్తే, "పొద్దటి సంది ఫోన్ చెవికి పెట్టుకొని ఏందో ఇంటుండు, బువ్వకు పిలిస్తే పలుకుతలేడు. ఏమైందే?" అంది. ఏం చెప్పను? ఫోన్‌కు వైరస్ పట్టిందని లాక్కోవాలా, ఆ గొంతు నాది కాదనాలా? పిల్లలకు అబద్ధమాడొద్దని పాఠం చెప్పే నేను, సుల్తానాబాద్ దాటేలోపు ఆరు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఆయన పేల్చిన బొగ్గు మీదే కదా నేను చదువుకున్నది.

బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెవి బ్లాస్టింగులకే పోయింది, కుడి చెవికి ఫోన్ ఆనించుకున్నాడు. నేను గేటు తీసేసరికి ఫోన్‌లోంచి పెద్దగా నా గొంతే, "ఆఫీసుల క్లర్కు అని జెప్త" అంటోంది. సిద్ధం చేసుకున్న ఆరు అబద్ధాలూ గేటు దగ్గరే వదిలేశాను. "తప్పయింది బాపూ" అన్నాను. ఆయన ఒక వేలెత్తాడు. హెచ్చరికలు మొదలయ్యాయనుకుని తల దించుకున్నాను. కానీ అది నన్ను ఆగమనడం. పాటను వెనక్కి జరిపి, పేలుడు దగ్గర పెట్టి, ఫోన్ నా చెవికి ఆనించాడు.

"ఎనక వాన సప్పుడు ఇనస్తుంది. వాన పడ్డనాడు గద ఇది? మందు తడిసి పేలదేమోనని నాకు ఒకటే ఫికర్. అయినా ఎట్ల పేలిందో జూడు" అన్నాడు. "గీ పేల్చుడు నాదే గద?"

"నీదే బాపూ."

"మరి క్లర్కుతోని గట్ల పేలుతదా బిడ్డా?"

ఏడ్చానో, నవ్వానో నాకే తెలియలేదు. అవ్వ మాత్రం ఇద్దరినీ బువ్వకు రమ్మని కేకేసింది. ఆ సాయంత్రం డబ్బాకు ఫోన్ చేసి, వాయించినవాళ్ల పేర్లలో ఇంకొకటి కలపమన్నాను: పేలుడు, మా బాపు, బాయి పనోడు. నా మాటలు తీసెయ్యాలా అని వాడు అడిగితే వద్దన్నాను. పదిహేడేళ్ల ఆ పిల్ల టేపులో ఇంకా క్లర్కు బిడ్డగానే గొప్పలు పోతోంది, పోనీ పాపం. ఆమె వెనక గిన్నెలు గలగలమంటూనే ఉన్నాయి.