ఆలూరులో నైరుతి దిమ్మె

రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, కర్నూలులోని ఒక డిజైన్ ఆఫీసులో సీనియర్ స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఉండగా, ఏప్రిల్‌లో నన్ను ఆలూరు పంపారు. అక్కడ శెనగకాయల వ్యాపారం చేసే శెట్టిగారి మండీ మూడు రాతి కమానుల మీద నిలిచిన పాత కట్టడం. మేడ మీద ఆయన కుటుంబం, ఎనిమిది మంది. కమానులు భేషుగ్గా ఉన్నాయని ఫిబ్రవరిలో తేల్చింది నేనే. ఇప్పుడేమో చివరి కమాను నడినెత్తిన పగులిచ్చిందని ఫోను.

వెళ్ళి చూద్దును కదా, వేలు దూరేంత పగులు. ఏం చేశారని అడిగాను.

“ఏం చేయలేదు సార్. బయట మూలకు రాతి దిమ్మె ఉండె కదా, అది కొట్టిచ్చినా. నైరుతి పెరిగుండాదని వాస్తు చూసేటాయప్ప చెప్పె. దాని మీద బరువేం లేదు కదా?”

కమాను బరువును కిందికి దించడమే కాదు, రెండు పక్కలకూ తోస్తుంది. పక్కపక్క కమానులు ఒకదాని తోపును ఒకటి ఆపుకుంటాయి. చివరిదాన్ని ఆపేది ఆ దిమ్మె ఒక్కటే. ముప్పై ఏళ్ళు కాగితం మీద బాణం గుర్తుగా గీసిన తోపు నా కళ్ళెదుట పనిచేస్తోంది. నిజం చెప్పొద్దూ, భయం కన్నా ముందు ఉత్సాహమే వచ్చింది. అంతలో మేడ మీద పిల్లల అడుగుల చప్పుడు వినిపించింది.

ఇల్లు ఖాళీ చేయమన్నాను. శెట్టిగారు ససేమిరా అన్నారు. “మా జేజినాయన కట్టిచ్చింది సార్, యాడికీ పోదు.”

వాదించకుండా, పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క అతికించాను. పగులు ఆగిపోయి ఉంటే గాజు అలాగే ఉంటుంది, కదులుతుంటే తట్టుకోలేదు. ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చుని పైకి చూస్తున్నాం. జిగురు ఆరిన అరగంటకు గాజు పుటుక్కున చిట్లింది. శెట్టిగారు మెట్లెక్కి, తల్లిని తానే ఎత్తుకుని దిగారు. వెనకే అందరూ వచ్చేశారు.

మేస్త్రీ ఖాసిం సాయిబు మనుషులను వెంటేసుకొచ్చి కమాను కింద సరుగుడు బాదులు నిలిపాడు, బయట గోడకు ఇనుప దూలాలు ఏటవాలుగా ఆనించాడు. ఆ తర్వాత పగులుకు అతికించిన రెండో గాజు మర్నాటికీ చెక్కుచెదరలేదు. పట్టరాని సంతోషంతో మేస్త్రీ చేతులు పట్టుకుని ఊపేశాను. పది రోజుల్లో దిమ్మె మళ్ళీ లేచింది.

ఆ సంబరంలో, నన్నొక మాట అడిగి కొట్టించాల్సిందని శెట్టిగారిని మందలించాను. ఆయన బీరువాలోంచి ఫిబ్రవరిలో నేనిచ్చిన రిపోర్టు తెచ్చి చేతిలో పెట్టారు.

“దీంట్లో ఆ దిమ్మె మాట యాడుండాది సార్?”

వెతికాను. లేదు. నాకది మరీ తెలిసిన విషయం కాబట్టి రాయాలని తోచలేదు. ఆ తర్వాత నేనిచ్చిన ప్రతి రిపోర్టులో, ఏది తాకకూడదో, ఎందుకు తాకకూడదో మొదటి పేజీలోనే రాశాను. ఇంటివాళ్ళకు చదివి వినిపించాకే సంతకం పెట్టాను.