వీపుకుర్చీలో మూలుగు

రోడ్డు పడకముందు ఆ కొండ ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా మోతమామే దిక్కు. చెక్క కుర్చీని తాళ్లతో వీపుకు కట్టుకుని, రోగిని తన వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టి, రాతిమెట్ల దారిన కిందికి మోసుకుపోయేవాడు. మూలుగు విని మనిషి దక్కుతాడో లేదో చెప్పేసేవాడు కూడా. దక్కనివాళ్ల చుట్టాలు, మామ కుదుపులకే పోయారని ఇప్పటికీ అంటారు. ఊరన్నాక నోళ్లుంటాయి.

రోడ్డు పడింది, వ్యాన్లు వచ్చాయి, మామ పని పోయింది. ఆ వ్యాన్లలోనే సందర్శకులూ వచ్చారు. పాత ఊరిని చూపించే కమిటీ పెద్ద మామ చేత మళ్లీ కుర్చీ కట్టించాడు. రోగి కావాలి కదా, మామ పెళ్లాన్నే కూర్చోబెట్టారు. ఊరందరికీ అత్త ఆవిడ, మహా గడుసుది. దుప్పటి కప్పుకుని "అయ్యో, చచ్చిపోతున్నానయ్యో" అని మూలిగితే పట్నంవాళ్ల కళ్లు చెమర్చేవి. ఇంటికొచ్చి ఆలుమగలిద్దరూ పడీపడీ నవ్వుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే అత్తకు గుండెల్లో పట్టేసింది.

"ఈ పూటకి మానేద్దామయ్యా."

"జనం వచ్చి నిలబడ్డారే. తిరిగొచ్చి పడుకుందువుగాని."

మొదటి మలుపు దాటగానే ఆమె మూలిగింది, సన్నగా, లోపల్నుంచి. ఉత్తుత్తి మూలుగులు వినీవినీ మామ చెవి ఎప్పుడో మొద్దుబారింది.

"గట్టిగా మూలుగు. వెనకాల వాళ్లకి వినబడొద్దూ?" అన్నాడు.

"ఏమయ్యా... నిజంగానే... దించు."

"అదీ! కొత్త మాట బావుంది" అని మెచ్చుకుని, ఫొటోల కోసం కాసేపు ఆగాడు కూడా. ఆమె మొహం అతనికి కనబడదు. కనబడినవాళ్లు చప్పట్లు కొట్టారు.

కింద దించాక అత్త లేవలేదు. బయల్దేరిన చోట వ్యాను ఖాళీగానే ఉంది, డ్రైవరు అందులో కునుకు తీస్తున్నాడు. దించమన్నప్పుడు దించి ఉంటే ఆసుపత్రికి చేరేదే. పగవాడికి కూడా రాకూడని పాపం అది.

కన్నీళ్లు ఆరకముందే కమిటీ పెద్ద వచ్చాడు.

"జరిగిందేదో జరిగింది మామా. అత్త చెల్లెల్ని కూర్చోబెడదాం. ఆ రోజు అత్త మూలిగిందే, ఆ మూలుగు ఆవిడకి కాస్త నేర్పు."

పొయ్యిలో పిల్లి లేవాలంటే వేరే దారి లేదు. మామ మళ్లీ తాళ్లు కట్టుకున్నాడు. కానీ మరదలు మూలిగిన ప్రతిసారీ చటుక్కున కుర్చీ దించి, ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి, "నిజమేనా?" అని అడుగుతాడు. సందర్శకులు పగలబడి నవ్వుతారు. జనానికి నచ్చిందని కమిటీ పెద్ద ఆ మాటను కార్యక్రమంలో ఉంచేశాడు.