ఒక గీత, రెండు గీతలు

1949 వేసవిలో నన్ను ఉదయగిరి తాలూకాలోని ఒక చిన్న పోలీసు స్టేషనుకు రైటరుగా వేశారు. రైటరంటే హెడ్ కానిస్టేబులే, కాకపోతే లాఠీకి బదులు కలం పట్టుకుంటాడు. ఫిర్యాదులు, వాంగ్మూలాలు, సోదాలో దొరికిన వస్తువుల జాబితాలు అన్నీ అతని చేతిరాతలోనే ఉండాలి. నా రాత గుండ్రంగా ఉంటుందని పై అధికారులు మెచ్చుకునేవారు. అందులో ఏముందో ఎంతమంది చదివారో మాత్రం చెప్పలేను.

ఎర్రజెండా వాళ్ల మీద నిషేధం ఉన్న రోజులవి. ఒకనాడు స్టేషనుకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. దుత్తలూరు వైపు ఒక పల్లె బడిలో తెలుగు చెప్పే సుబ్బరామయ్య అనే అయ్యవారి దగ్గర రష్యా పుస్తకం ఉందనీ, ఎవరికీ తెలియని లిపిలో ఏదో రాసి మాటల కింద గుర్తులు పెడుతున్నాడనీ అందులో ఉంది. సబ్ ఇన్‌స్పెక్టరు గారూ నేనూ వెళ్లి, ఊరి పెద్దలిద్దరి ఎదుట సోదా చేశాం. ఇంగ్లీషులో రాసిన రష్యన్ వ్యాకరణం ఒకటి, ఒక నోటుపుస్తకం దొరికాయి. నోటుపుస్తకం నిండా రష్యా అక్షరాలు. కొన్ని మాటల కింద ఒక గీత, కొన్నిటి కింద రెండు గీతలు. ఇది రహస్య సంకేతమేనని సబ్ ఇన్‌స్పెక్టరు గారు అక్కడికక్కడే తేల్చేశారు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

సంకేతమని రాసి పంపితే అయ్యవారికి బడి పోవడం ఖాయం, జైలు కూడా తప్పకపోవచ్చు. ఆయనకు నలుగురు పిల్లలు. అయితే ఆ గీతల అర్థమేమిటో తేల్చి, ఆత్మకూరులో ఉండే సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారికి నివేదిక పంపాలి. తాలూకా మొత్తంలో రష్యన్ చదవగలిగినవాడు ఎవడయ్యా అంటే ఆ అయ్యవారొక్కడే. చేసేది లేక ఆయన్నే మూడు రోజులు పిలిపించి నా బల్ల ముందు కూర్చోబెట్టారు.

ఆ మూడు రోజులూ నాకు హాయిగా గడిచాయి, దాచుకోవడం ఎందుకు? నేను థర్డ్ ఫారంతో, అంటే ఎనిమిదో తరగతితో, చదువు ఆపేసినవాణ్ణి. అయ్యవారు మొదట్లో భయపడ్డారు గానీ, పాఠం మొదలయ్యాక ఎదురుగా ఉన్నది పోలీసన్న సంగతే మరిచిపోయారు. ఎవరి గురించి చెబుతున్నామో ఆ మాట ఉద్దేశ్యం, కర్త అన్నా సరే. దాని కింద ఒక గీత. ఆ కర్త గురించి ఏం చెబుతున్నామో అది విధేయం. దాని కింద రెండు గీతలు. రష్యా బడిపిల్లలు అలాగే గీసి నేర్చుకుంటారట. ‘ఓన్ వ్రాచ్’ అంటే ‘ఆయన వైద్యుడు’. ఇంగ్లీషువాడికి మధ్యలో ఒక క్రియ లేనిదే గడవదు. రష్యావాడికీ మనకీ ఆ బెడద లేదు. అంత దూరపు చలిదేశం వాళ్లు మనలాగే వాక్యం కడతారని తెలిసి ముచ్చటేసింది.

ముచ్చట వేరు, డ్యూటీ వేరు. ఆయన చెప్పేదంతా కట్టుకథ అయితే? సాక్షులను పరీక్షించే పద్ధతే ఇక్కడా పాటించాను. ఒకే సంగతిని వరస మార్చి రెండోసారి అడగడం ఆ పద్ధతి. నోటుపుస్తకంలోంచి ఇరవై వాక్యాలను గీతలు వదిలేసి, ముగ్గు చూసి వేసినట్టు చీటీల మీదికి దించాను. ఒక్క అక్షరమూ తెలియదు గనుక ఒక పూటంతా పట్టింది. మూడో రోజు నోటుపుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, చీటీలు కలిపి ఆయన ముందుంచి గీతలు గీయమన్నాను.

పంతొమ్మిది సరిపోయాయి. మిగిలింది ‘నాకు చలిగా ఉంది’ అనే వాక్యం. నోటుపుస్తకంలో ‘నాకు’ అన్న మాట కింద ఒక గీత ఉంది. చీటీలో దాని కింద ఏమీ లేదు.

సబ్ ఇన్‌స్పెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. “తేడా వచ్చిండాది గదా, దొరికినాడు. రాసెయ్,” అన్నారు.

నేను రెండూ పక్కపక్కన పెట్టి అయ్యవారికి చూపించాను. చీటీలో గీత పెట్టడం మరిచానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ దారి ఆయనకూ తట్టే ఉంటుంది. ఆయన చీటీ మీద వేలు పెట్టారు.

“చీటీలోదే సరి, రైటరు గారూ. నోటుపుస్తకంలో నేనే తప్పు గీసినాను. అప్పటికి ఆ పాఠం చదవలా. చలి వేయడంలో చేసేవాడంటూ ఎవడూ లేడు, ఇంక ఒక గీత ఎవరికి పెట్టేది? తప్పు నాదేనని రాసుకోండి.”

ఆ పాఠం ఏ పుటలో ఉందో అడిగి, పుస్తకం సబ్ ఇన్‌స్పెక్టరు గారి చేతికిచ్చాను. ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చు. అయ్యవారు చెప్పిందే అందులో ఉంది. రెండుసార్లు చదివి, బయటికి వెళ్లి సిగరెట్టు వెలిగించారు.

సరిపోయిన పంతొమ్మిదీ, సరిపోని ఒకటీ, అయ్యవారి మాటా ఉన్నదున్నట్టు రాసి, ఆయన సంతకం తీసుకుని మర్నాడు ఆత్మకూరు బస్సెక్కాను. సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు చివరిదాకా చదివి, “ఇంతకీ ఈయన చేసిందేంది?” అని అడిగారు. ఏమీ లేదని చెప్పాను. కేసు అవసరం లేదని రాసి, పుస్తకాలు తిరిగి ఇచ్చేయమన్నారు. అయ్యవారు రసీదు మీద సంతకం పెట్టి వాటిని చంకలో పెట్టుకుని నడిచిపోతుంటే, ఆ సంవత్సరం మొత్తంలో నేను చేసిన మంచి పని అదేననిపించింది.

ఆ తర్వాత సర్వీసులో లెక్కలేనన్ని వాంగ్మూలాలు రాశాను. రెండుసార్లు అడిగినా అచ్చు గుద్దినట్టు కలిసిన వాంగ్మూలం ఎదురైతే, వల్లె వేసిందేమోనని మళ్లీ మొదటినుంచి అడిగేవాణ్ణి. తనకు చేటని తెలిసీ తన తప్పును తానే చూపించిన మనిషిని మాత్రం, పైవాళ్లు ఎంత తొందరపెట్టినా, లాకప్పుకు పంపే కాగితం రాయలేదు.