వెనకబడ్డవాడికి ఇచ్చిన బెల్లం నీళ్లు

మా ఆయన ఇరవై ఏండ్లు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి సైకిల్ మీద పోయి వచ్చాడు. పోను పన్నెండు కిలోమీటర్లు, రాను పన్నెండు. అందుకే ముప్కాల్ దిక్కు పెద్ద సైకిల్ పందెం వస్తుందని, దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు తొక్కుతారని, వాళ్లకు అదే ఉద్యోగమని విన్న రోజు ఆయన అన్నం కలపడం ఆపి నా మొఖం చూశాడు.

"సైకిల్ తొక్కితే జీతమిస్తరంట. నాకెవడిచ్చిండే?"

"నీకు ఫ్యాక్టరీ ఇయ్యలేదా?"

"అది లోపటి పనికి. తొక్కుడు ఫ్రీ."

పందెం చూడడానికి పోయి తీరాలన్నాడు. పొద్దున పోయి సాయంత్రానికి వద్దాం, నువ్వు కూడా రా అన్నాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆయన దేనికైనా అంత సంబరపడడం నేను చూడలేదు. సరేనన్నాను.

అయితే మోటార్ సైకిల్ మీద అంత దూరం కూర్చోవడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. నవీపేట్ సంతలో ఒకాయన నొప్పుల పొడి అమ్ముతాడు. గోధుమ రంగులో ఉంటుంది, నాలుక మీద పెడితే చేదు. తాగిన అరగంటకు మోకాళ్లు నావి కానట్టు తేలికైపోతాయి. నిజామాబాద్‌లో డాక్టరమ్మ ఒకసారి ఆ పొట్లం చూసి, "దీంట్ల ఏం కలుపుతరో ఎవలకు తెలుసు? బంద్ చెయ్యి" అన్నది. నేను బంద్ చెయ్యలేదు. మహిళా సంఘంలో సంతకం కోసమని యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్న దాన్ని. అప్పటి నుంచి చేతికొచ్చిన ప్రతి కాగితం చదువుతాను. ఆ పొట్లం మీద మాత్రం చదవడానికి ఏమీ ఉండదు.

ఆ రోజు రెండు చెంచాల పొడి బెల్లం నీళ్లలో కలిపి సీసాలో పోసుకున్నాను. బెల్లంతో అయితే చేదు తెలియదు. మా ఆయనకు వేరే సీసాలో మంచినీళ్లు పోశాను.

నిజామాబాద్, ఆర్మూర్ దాటేసరికి ఎండ బాగా ఎక్కింది. ముప్కాల్‌లో పందెం ముగుస్తుందని, అక్కడ జనం బాగా ఉంటారని ఎవరో చెబితే, ఏర్గట్ల రోడ్డు మీదికి మళ్లాం. అక్కడ రోడ్డు గుట్ట మీదికి పోతుంది, మంచి ఎక్కుడు. ఎక్కుడులో అయితే మెల్లగా పోతారు, మంచిగా చూడొచ్చని మా ఆయన లెక్క. రోడ్డు పక్క కళ్లాల్లో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ వాసనలో, ఒక వేప చెట్టు నీడలో బండి ఆపి నిలబడ్డాం. మా పక్కన కళ్లజోడు పెట్టుకున్న ఒకామె నిలబడి ఉంది. బోధన్ దగ్గర ఆంధ్రా రైతులు వచ్చి స్థిరపడ్డ క్యాంపు నుంచి వచ్చిందట, బడిలో ఆటల టీచరట. మా ఊరికి దగ్గరే అని తెలిసి కాసేపు మాట్లాడుకున్నాం.

ముందు పోలీసు జీపులు పోయాయి. తర్వాత విజిళ్లు. ఆ తర్వాత వంద సైకిళ్లు ఒక్కసారి వచ్చాయి. చైన్ల చప్పుడు, గాలి, రంగులు. ఎక్కుడు అన్న మాటే వాళ్లకు తెలియనట్టు పోయారు.

"అయిపాయెనా?" అన్నాడు మా ఆయన.

"అయిపాయె."

"గీ దానికి రెండు గంటలు బండి తోల్కొచ్చిన్నా?"

"నువ్వు రెప్ప కొట్టినవ్. కొట్టకపోతే ఇంకింత కనవడుతుండె."

టీచరమ్మ నవ్వి, ఆగండి, వెనకబడ్డవాళ్లు వస్తారు అన్నది. అన్నట్టే వచ్చారు, ఒకరిద్దరు. అందరికంటే వెనక ఒక్కడే ఒక సన్నటి మనిషి వచ్చాడు. విదేశీయుడు. మొఖం మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా పేరుకుంది. నోరు తెరుచుకుని ఉంది. భుజాలు ఇటూ అటూ ఊగుతున్నాయి. మా ఆయన చప్పట్లు కొడుతూ, "తొక్కు అన్నా, తొక్కు! ఇంక జెరంతనే!" అని అరిచాడు.

మా చెరుకు ఊర్లలో చెమట కారుతూ ఎవరు కనబడ్డా బెల్లం నీళ్లు ఇస్తాం. చెరుకు కొట్టే వాళ్లకు, నడిచిపోయే స్వాములకు, ఎండలో లోడు దిగే దాకా ఆగిన లారీ డ్రైవర్లకు. ఇవ్వాలా వద్దా అని ఆలోచించేది ఉండదు. చెయ్యి పోతుంది. నా చెయ్యి అట్లనే పోయింది. మూత తీసి, అతని పక్కన నాలుగు అడుగులు ఉరికి సీసా చాచాను. అతను చూడకుండానే అందుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతని వీపు మీద నంబరు చదివాను. అరవై మూడు. ఎక్కుడు మలుపులో చెట్ల వెనక్కి పోయాడు.

నాకు చాలా సంతోషమైంది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

"అమ్మా, మీరిచ్చింది అతను తాగకుండా ఉంటే బాగుండునండి" అన్నది.

"ఎందుకమ్మా? మంచి బెల్లం. ఇంట్ల వండిందే."

"బెల్లానికేం కాదండి. వీళ్లలో ఎవరికైనా పందెం అయ్యాక మూత్రం పరీక్ష చేస్తారు. ఏదైనా మందు దొరికిందనుకోండి, నొప్పుల మందైనా సరే, ఏళ్ల తరబడి సైకిల్ ముట్టనివ్వరు. తెలియక తాగానంటే వినరు. అందుకే బయటివాళ్లు ఇచ్చింది ముట్టకూడదని వాళ్లకు చెబుతారు."

నొప్పుల మందు అన్న మాట విన్నాక ఆమె ఇంకా ఏమన్నదో నాకు తెలియదు. ఆ సీసాలో పొడి ఉందన్న సంగతి అప్పటిదాకా నాకు గుర్తే లేదు. నాలుగు అడుగులు ఉరికేటప్పుడు అది బెల్లం నీళ్ల సీసా, అంతే. మా ఆయనను బండి దగ్గరికి లాక్కుపోయి చెప్పాను.

"నీకేమన్న తిక్కనా?" అన్నాడు ముందు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు ఇచ్చినవని ఎవలకెరుక? సప్పుడు చెయ్యకుంట ఇంటికి పోదాం పట్టు."

"పరీక్షల ఎరుకైతది గద. ఆయనను పనికెల్లి తీసేస్తరంట."

"మనం పోయి చెప్తే తియ్యరా? మనల్ని గూడ లోపటేస్తరు."

"ముందే చెప్తే, నేనే కలిపిన్నని చెప్తే, జెరంతన్న నమ్ముతరేమో. పని పోతే ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్నా?"

ఫ్యాక్టరీ మూతబడ్డ తర్వాత నెల రోజులు పొద్దున్నే లేచి, తయారై, సైకిల్ బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టిన మనిషి ఆయన. కిక్ కొట్టాడు.

పెద్ద రోడ్డు పోలీసులు మూసేశారు. కాలువ కట్ట మీద నుంచి పోయాం. అది బండ్లు పోయే బాట కాదు. గుంతగుంతకూ నా మోకాలిచిప్పలు పలుకుతున్నాయి. మొఖానికి దుమ్ము కొడుతుంటే నేను అతని గురించే ఆలోచించాను. ఏ ఊరివాడో. వాళ్ల అమ్మ ఎట్లా ఉంటుందో. చిన్నప్పటి నుంచి తొక్కి తొక్కి ఇక్కడిదాకా వచ్చి, ఏర్గట్ల రోడ్డు మీద నా చేతి నీళ్లు తాగి పోగొట్టుకుంటాడా? ఒక గుక్కే తాగి ఉంటే పరీక్షలో తెలుస్తుందా? ఒక గుక్క తాగినవాడు ఊరుకుంటాడా, అంత దూపలో?

ముప్కాల్ చేరేసరికి పందెం అయిపోయింది. ఇనుప కంచెల వెనక జనం, మైకులు, బస్సులు. మా ఆయన బండి స్టాండ్ వేసేలోపలే నేను కంచె దగ్గరికి పోయాను. అక్కడొక కానిస్టేబుల్ ఉన్నాడు.

"అవ్వా, యాడికి?"

"గా అరవై మూడు నంబరాయనను కలవాలె బిడ్డా."

"ఓహో! సెల్ఫీ గావాల్నా?"

"సెల్ఫీ గాదు. తప్పు చేసిన. చెప్పాలె."

అతను నా మొఖం చూసి ఏమనుకున్నాడో, "తొందరగ రా మళ్ల" అని కంచె కొంచెం జరిపాడు. మా ఆయన కూడా దూరాడు. "నువ్వెవలవు?" అంటే, "తప్పు చేసినామె మొగుడిని" అన్నాడు.

నంబర్లు చదువుకుంటూ బస్సుల మధ్య తిరిగాను. అరవై ఒకటి. డెబ్బై. పన్నెండు. ఒక బస్సు వెనక నీడలో, బోర్లించిన బకెట్ మీద అతను కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ తీసేశాడు. ఇంకొకతను, వాళ్ల కాళ్లు పిసికే మనిషట, అతని వెనక నిలబడి తువ్వాలతో ఈగలు తోలుతున్నాడు. ఆ పిసికే మనిషి నాందేడ్ వాడు. సంతలో పలికే మరాఠీ, హిందీ నాకు వచ్చు కాబట్టి ఆ రెండూ కలిపి ఒక్క ఊపిరిలో చెప్పాను. ఎక్కుడులో సీసా ఇచ్చింది నేనే. దాంట్లో నొప్పుల పొడి ఉంది. తెలియక ఇచ్చిన. ఆయన తాగిండా?

పిసికే మనిషి మొఖంలో నవ్వు పోయింది. వంగి ఇంగ్లిషులో ఏదో అడిగాడు. బకెట్ మీద మనిషి తల తిప్పకుండానే రెండు మాటలు చెప్పి, చేత్తో మెడ వెనక చూపించి, ఛీ అన్నట్టు వేళ్లు విదిలించాడు.

పిసికే మనిషి నా దిక్కు తిరిగాడు. అప్పటికే నవ్వుతున్నాడు. అతనికి మన తెలుగు కూడా వచ్చట.

"నహీ పియా, మౌషీ. ఒక్క చుక్క గూడ నోట్ల పోలే. మంచినీళ్లనుకొని మెడ మీద పోసుకున్నడు. సీసా అక్కడనే పారేసిండు. అగో, సూడు!"

చూశాను. అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. మెడ మీద, చెవుల వెనక బెల్లం ఎండి మెరుస్తోంది. ముప్కాల్‌లో ఉన్న ఈగలన్నీ అక్కడే ఉన్నాయి. చివరి కిలోమీటర్లన్నీ ఒక చేత్తో ఈగలు కొట్టుకుంటూ తొక్కాడట.

నేను నేల మీద కూలబడ్డాను. ఏడుపు వస్తుందనుకున్నాను, నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. అతను అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు. కోపంగానే చూశాడు. పిసికే మనిషి నన్ను చూపిస్తూ ఏదో చెప్పాడు. అతను ముందు కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టాడు. అది క్షమించానని పెట్టాడో, ఇక నా జోలికి రాకు తల్లీ అని పెట్టాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

చొక్కా ఊడి రావడానికి పిసికే మనిషికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. పక్కన డ్రమ్ములో నీళ్లు చూపించి, మగ్గు నాకిచ్చి, పొయ్యమన్నాడు. పోశాను. ఒక మగ్గు మెడ మీద, ఒకటి వీపు మీద, చెవుల వెనక రెండు. బెల్లం కరిగి గోధుమ రంగులో కారుతుంటే, చివరి చుక్క పోయేదాకా ఆపలేదు. అతను చల్లదనానికి కళ్లు మూసుకున్నాడు. ఎముకలు కనిపించే వీపు, నా కొడుకు కంటే చిన్న వయసు.

వెనక నుంచి మా ఆయన అన్నాడు, "ఇరవై ఏండ్లు తొక్కి వచ్చిన. నా వీపు మీద ఒక్కనాడన్న గిట్ల పోసినవా?"

"ఇంటికి పోయినంక పోస్త" అన్నాను. "ఊకో."